బీపీ ఉందని తేలిన పైలట్ ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"మందు రాయండి డాక్టరుగారూ, చీటీ మీద నా పేరు మాత్రం వద్దు." సెలవుకి బరంపురం వచ్చే పైలట్లలో బీపీ ఎక్కువున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది దాదాపు ఇదే. కొందరు తల్లి పేరు మీద రాయించుకోవాలని చూస్తారు. ఇంకొందరు డాక్టరు గడపే తొక్కరు. తమ్ముడిని మందుల షాపుకి పంపి, నాన్న వాడే మాత్రలే తెప్పించుకుని మింగుతారు. భయం ఎందుకో చెప్పక్కర్లేదు. మెడికల్, అంటే విమానం నడపడానికి ఆరోగ్యం సరిపోతుందన్న సర్టిఫికెట్, పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ట్రైనింగ్ కోసం చేసిన అప్పు మిగులుతుంది. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పైలట్లని చేసినవాళ్ళు ఉన్నారు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను.

అయినా ఒక సంగతి ముందే చెప్పాలి. బీపీకి మందు వాడినంత మాత్రాన లైసెన్స్ పోదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లైసెన్సుల కోసం పెట్టిన నిబంధనల పుస్తకం పేరు అనెక్స్ 1. రక్తపోటు మామూలు స్థాయిలో ఉండాలని అందులో ఉంది. విమానం భద్రంగా నడపడానికి అడ్డు రాని బీపీ మందులకు మినహాయింపు ఉందని కూడా అక్కడే ఉంది. రోజూ మాత్ర వేసుకుంటూ కెప్టెన్ సీట్లో కూర్చునేవాళ్ళు మన దేశంలోనూ ఉన్నారు. చిక్కంతా అదుపు తప్పిన బీపీతోనూ, దాచిన బీపీతోనూ వస్తుంది. అమెరికాలో 3,765 మంది పైలట్లను అడిగి 2022లో ప్రచురించిన ఒక సర్వేలో 56 శాతం మంది, మెడికల్ పోతుందన్న భయంతో ఏదో ఒక విధంగా వైద్యానికి దూరంగా ఉన్నామని ఒప్పుకున్నారు. కాబట్టి మీరు ఒంటరి కాదు. మీరు చేయాల్సిన పనుల్లో వరస ముఖ్యం. వరస తప్పితేనే ఎక్కువమందికి నష్టం జరుగుతుంది.

మొదట, బీపీ నిజంగా ఉందో లేదో తేల్చుకోండి

ఒక్కసారి పై అంకె 150 కనబడగానే బీపీ ఉన్నట్టు కాదు. రాత్రంతా ఫ్లైట్ నడిపి, పొద్దున్నే రైలెక్కి, స్టేషన్‌లో రెండు టీలు తాగి క్లినిక్‌కి వచ్చినవాళ్ళ బీపీ చూస్తే ఎవరిదైనా ఎక్కువే ఉంటుంది. సెలవులో, ఇంట్లో, రెండు రోజులు సరిగ్గా నిద్రపోయాక కొలతలు మొదలుపెట్టండి.

చేతికి, అంటే మోచేతి పైన కట్టే ఆటోమేటిక్ మిషన్ కొనండి. మణికట్టుకి కట్టేవి వద్దు. పట్టీ సైజు చూసి కొనండి. జిమ్ చేసి కండలు పెంచినవాళ్ళకి మామూలు పట్టీ చిన్నదవుతుంది. చిన్న పట్టీ బీపీని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఒక్క పట్టీ మారిస్తే బీపీ "తగ్గిపోయిన" కుర్రాళ్ళు ఉన్నారు.

కొలిచే ముందు అరగంట దాకా టీ, కాఫీ, సిగరెట్, పాన్, గుడాఖు ఏవీ వద్దు. గుడాఖు మన ఒడిశా వైపు అలవాటే. పళ్ళకి రాసుకునేదే కదా అనుకుంటారు గానీ అది పొగాకే, అందులో నికోటిన్ ఉంది. మూత్రానికి వెళ్ళి రండి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు. అమ్మ పక్కన నిలబడి "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని అడుగుతుంటే ఆవిడను బయటికి పంపండి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత నుంచి కొలవండి.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కో కొలతకీ మధ్య ఒక నిమిషం విరామం. ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి పక్కన పెట్టి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే లెక్క. క్లినిక్‌లో ఈ గీత 140/90. అన్ని అంకెలూ రాయండి. బాగున్నవి మాత్రమే ఏరి రాస్తే మిషన్ మెమరీ మిమ్మల్ని పట్టిస్తుంది. దాన్ని చూపించమని అడిగే డాక్టర్లు ఉన్నారు, నేనూ అడుగుతాను.

ఇక మెడికల్ గదిలో మాత్రమే బీపీ పెరిగేవాళ్ళున్నారు. పైలట్లలో ఈ రకం ఎక్కువ కనిపించడంలో ఆశ్చర్యం లేదు, ఆ గదిలో పణంగా ఉన్నది వాళ్ళ జీతం మరి. వీళ్ళకి 24 గంటల బీపీ పరీక్ష ఉంది. నడుముకి చిన్న పెట్టె తగిలిస్తారు, పగలూ రాత్రీ అదే కొలిచి దాచుకుంటుంది. 24 గంటల సగటు 130/80 లోపు, పగటి సగటు 135/85 లోపు, నిద్రలో 120/70 లోపు ఉంటే మీకున్నది పరీక్ష టెన్షన్. ఆ రిపోర్టు మీ ఫైల్లో బంగారం. తిరగబడే అవకాశమూ ఉంది. క్లినిక్‌లో బాగుండి, ఇంట్లోనూ నిద్రలోనూ ఎక్కువుండే బీపీని ఈ పరీక్షే బయటపెడుతుంది. పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో ఇది దొరక్కపోతే వెతుకుతూ రోజులు పోగొట్టుకోకండి. నౌపడా మీదుగా విశాఖ వెళ్ళడమే తేలిక. రాయగడవాళ్ళకి విజయనగరం లైను ఉండనే ఉంది.

పైన 180 గానీ కింద 110 గానీ దాటి, దానికి తోడు తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం లాంటిది ఏదైనా ఉంటే ఈ ఏడు రోజుల లెక్క వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ లక్షణాలు లేకపోయినా అంత బీపీతో డ్యూటీకి వెళ్ళకండి, అదే రోజు డాక్టరుని చూడండి.

రెండోది, బీపీని పెంచే వస్తువులు మీ సంచీలోనే ఉన్నాయేమో చూడండి

పైలట్ల కిట్‌లో జలుబు మాత్రలు ఉంటాయి. దిగేటప్పుడు చెవులు మూసుకుపోకుండా వేసుకుంటారు. వాటిలోని ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ బీపీని పెంచగలవు. నడుం నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కూడా అంతే, పైగా అవి కొన్ని బీపీ మందుల పనిని చెడగొడతాయి. ఎనర్జీ డ్రింకులు, జిమ్‌లో ఇచ్చే "ఫ్యాట్ బర్నర్" పొడులు, స్టెరాయిడ్లు ఉంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. గొంతు కోసం రోజూ అతిమధురం నమిలే అలవాటున్నా చెప్పండి. ఎక్కువైతే అది పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. నాటు మందే కదా అని ఎవరూ దాని పేరెత్తరు.

ఉప్పు సంగతికి వస్తే, మన ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేవి ఊరగాయలు, అప్పడాలు. బరంపురం నుంచి తిరిగి వెళ్ళే ప్రతి పైలట్ బ్యాగులోనూ అవి ఉంటాయి. ఎండాకాలంలో పఖాళ, అంటే నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం, దానికి తోడు వేయించిన ఎండుచేప, వడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజువారీ హద్దు 5 గ్రాములు, సుమారు ఒక టీ స్పూను. అందులో కూర, చారు, పచ్చడి అన్నీ కలిసి ఉండాలి. హుమ్మ ఉప్పు మళ్ళ నుంచి వచ్చిన కళ్ళుప్పైనా, ఖరీదు పెట్టి కొన్న సైంధవ లవణమైనా సోడియం సోడియమే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మంచిదే. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళు, తెల్మిసార్టాన్ లాంటి మందు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా దాన్ని మొదలుపెట్టకూడదు. మన ఊరి పండుగ ఠాకురాణి యాత్ర రోజుల్లో పథ్యం చేయమని నేను ఎవరికీ చెప్పను. చెప్పినా వినరు. మిగతా రోజుల్లో అప్పడం మానేస్తే చాలు.

గురక బాగా పెట్టి, పగలు కునుకు తీసేవాళ్ళు నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉందేమో చూపించుకోవాలి. అది బీపీని మందులకి లొంగనివ్వదు, కాక్‌పిట్‌లో దాని ప్రమాదం వేరే ఉంది.

ముప్పై ఏళ్ళ లోపు ట్రైనీలకి ఒక మాట. ఈ వయసులో బీపీ గట్టిగా ఉంటే కారణం వెతకాలి: కిడ్నీ, కిడ్నీకి వెళ్ళే రక్తనాళం, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథి. కారణం దొరికి, దానికి వైద్యం చేస్తే కొందరికి బీపీయే పోతుంది. ఇంకో మాట అమ్మానాన్నలకి. ఫ్లయింగ్ స్కూల్‌కి ఫీజు కట్టే ముందు ట్రైనింగ్‌లో చేరడానికి అడిగే క్లాస్ 2 మెడికల్‌తో ఆపకుండా, కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన క్లాస్ 1 మెడికల్ కూడా చేయించండి. తాకట్టు కాగితాలు ఆ తర్వాత.

మూడోది, డాక్టరు దగ్గరికి వెళ్ళి మీ పని ఏమిటో చెప్పండి

మన జిల్లాల్లో ఫిజీషియన్లకి బీపీ వైద్యం బాగానే తెలుసు, విమానయాన నిబంధనలు తెలియకపోవచ్చు. కాబట్టి మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "నేను కమర్షియల్ పైలట్‌ని. మగత, కళ్ళు తిరగడం తెచ్చే మందు నాకు పనికిరాదు."

సాధారణంగా ఇబ్బంది పెట్టని మందులు కొన్ని రకాలున్నాయి. తెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఒక రకం. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి ఇంకో రకం, వీటితో కొందరికి పొడి దగ్గు వస్తుంది. మూడోది ఆమ్లోడిపిన్, దాంతో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. తక్కువ మోతాదు థయజైడ్ నీటి మాత్రలు కూడా వాడతారు, వాటితో పొటాషియం, సోడియం చూసుకోవాలి. యూరప్ నిబంధనలు ఈ రకాలన్నిటినీ ఒప్పుకుంటాయి. దూరంగా ఉంచాల్సినవి క్లోనిడిన్, మిథైల్ డోపా లాంటి మెదడు మీద పనిచేసే మందులు. అవి మగత తెస్తాయి, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాటిని పైలట్లకి ఒప్పుకోదు. ప్రాజోసిన్ లాంటివి లేచి నిలబడగానే కళ్ళు తిరిగేలా చేస్తాయి. నాన్నగారి డబ్బాలో ఉన్నవి వీటిలో ఏవైనా కావచ్చు, అందుకే వాటి జోలికి వెళ్ళొద్దంటున్నాను.

గుండె వేగాన్ని కూడా తగ్గించే బీటా బ్లాకర్ మందుల గురించి విడిగా చెప్పాలి. మెడికల్ రోజు పొద్దున ఒకటి వేసుకుంటే బీపీ దిగుతుందని పైలట్ల మధ్య ఒక చిట్కా తిరుగుతుంది. ఈసీజీలో గుండె వేగం 48 వచ్చిన మనిషిని చూసి, రోజూ పరుగెత్తే అలవాటు లేదని తెలిశాక, ఏ పరీక్షకుడైనా మందు సంగతే అడుగుతాడు. మెడికల్ ముందు మానేసి తర్వాత మొదలుపెట్టే ఆట ఇంకా ప్రమాదం. క్లోనిడిన్, బీటా బ్లాకర్లు హఠాత్తుగా ఆపితే బీపీ ఎగిసిపడుతుంది.

సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ తప్పనిసరిగా చేయించండి. డాక్టరు అవసరమంటే ఎకో (గుండె స్కాన్), కంటి పరీక్ష. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం. ప్రైవేటుకి వెళ్ళాలా ప్రభుత్వానికి వెళ్ళాలా అన్నది మీ ఇష్టం, కాగితం మాత్రం స్పష్టంగా ఉండాలి.

నాలుగోది, చెప్పడం

ఇక్కడే అందరి కాళ్ళూ వణుకుతాయి. అనెక్స్ 1 ప్రకారం, ఆరోగ్యం దెబ్బతిందని మీకు తెలిసిన క్షణం నుంచి ఆ లైసెన్స్‌తో విమానం నడపకూడదు. మెడికల్ సర్టిఫికెట్‌లో ఇంకా ఎన్ని నెలల గడువున్నా ఈ నియమం వర్తిస్తుంది. కాబట్టి బీపీ ఉందని తేలాక, మందు మొదలుపెట్టే రోజున డ్యూటీలో ఉండకండి. సిక్ లీవ్ పెట్టండి. కంపెనీ డాక్టరుకి గానీ, మీ మెడికల్ చేసే డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షకుడికి గానీ ఫోన్ చేసి రోగం పేరు, మందు పేరు చెప్పి, మళ్ళీ ఎప్పుడు ఎగరవచ్చో, ఏ రిపోర్టులు కావాలో అడగండి. ఆ మాటని ఈమెయిల్‌లో కూడా పెట్టండి. ఎఫ్ఏఏ కొత్త మందుకి కనీసం 7 రోజుల స్థిరత్వం చూస్తుంది. మీ విషయంలో ఎన్ని రోజులన్నది డీజీసీఏ తరఫున మీ కేసు చూసేవాళ్ళు చెప్పాలి. ఆ లెక్కని వాట్సాప్ గ్రూపుల్లో వెతకకండి.

ఎప్పుడు చెప్పాలన్నదానికి నా సలహా: రెన్యువల్ దగ్గరపడేదాకా ఆగకండి. 60 ఏళ్ళ లోపు వాళ్ళకి క్లాస్ 1 మామూలుగా 12 నెలలు, ఆపైన 6 నెలలు. గడువుకి నాలుగైదు నెలల ముందు మందు మొదలుపెడితే, మోతాదు సర్దుకోవడానికి, దుష్ఫలితం వస్తే మందు మార్చడానికి, రెండు మూడు నెలల మంచి అంకెలు కూడబెట్టడానికి టైముంటుంది. గడువుకి వారం ముందు వచ్చి "ఏదో ఒకటి చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

దాచితే ఏమవుతుంది? మెడికల్ ఫారంలో వాడుతున్న మందుల గురించి అడుగుతారు, కింద మీ సంతకం ఉంటుంది. అబద్ధం బయటపడిన రోజు బీపీ ప్రశ్న పక్కకిపోయి తప్పుడు డిక్లరేషన్ ప్రశ్న వస్తుంది. ఆరోగ్యం వల్ల లైసెన్స్ పోతే డబ్బిచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ పాలసీలో దాచిన జబ్బుల గురించి ఏం రాశారో ఒకసారి చదవండి. ఇంట్లో దాచడం కూడా ఇలాంటిదే. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని, ఊళ్ళో తెలిస్తే బాగుండదని అంటారు. బరంపురంలో నలభై దాటినవాళ్ళున్న ప్రతి రెండో ఇంట్లో బీపీ మాత్రల డబ్బా ఉంటుందని నా అనుమానం. సంబంధం అటువైపు వాళ్ళ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

ఐదోది, ఫైలు

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ చాలు. అందులో ఉండాల్సింది: లైసెన్స్ మీద ఉన్నట్టే మీ పూర్తి పేరుతో డాక్టరు ఇచ్చిన ఉత్తరం, అందులో రోగ నిర్ధారణ తేదీ, మందు అసలు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, మగత గానీ తలతిరుగుడు గానీ లేవన్న వాక్యం, ఇప్పటి బీపీ. దాని వెనక ఇంటి కొలతల పట్టిక, 24 గంటల రిపోర్టు, రక్త పరీక్షలు, ఈసీజీ. మా డాక్టర్ల చేతిరాత మీకు తెలిసిందే. టైపు చేయించి, సంతకం, సీలు, రిజిస్ట్రేషన్ నంబరు వేయించండి. అడగడానికి మొహమాటపడొద్దు. అన్నిటినీ స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. డీజీసీఏ మెడికల్ పనులు ఇప్పుడు ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో జరుగుతున్నాయి, అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

మెడికల్ రోజు

రాత్రి రైలు దిగి నేరుగా వెళ్ళొద్దు. ముందు రోజే చేరి పడుకోండి. వదులు చేతుల చొక్కా వేసుకోండి. ఆ రోజు మాత్ర మానొద్దు. రక్తం పరగడుపున ఇవ్వాలంటే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే అడగండి. పరీక్షకుడు పట్టీ కట్టకముందే ఫోల్డర్ ఇచ్చి మందు సంగతి మీరే చెప్పండి. మొదటి అంకె ఎక్కువొస్తే "కాసేపు కూర్చుని మళ్ళీ చూపించుకోవచ్చా సార్" అని అడగండి. ఇందులో తప్పేం లేదు.

అయినా తాత్కాలిక అన్‌ఫిట్ ఇస్తే, అది తాత్కాలికం. కాగితంలో ఏ పరీక్షలు, ఏ తేదీలోగా అడిగారో గీత గీసుకుని, వాటినే చేయించండి. అడగని పరీక్షలతో ఫైలు లావు చేయొద్దు. రివ్యూ తేదీ దాటనివ్వకండి. కంపెనీలో సిక్ లీవ్ ఎన్నాళ్ళు, గ్రౌండ్ డ్యూటీ, సిమ్యులేటర్ పని ఏమైనా ఇస్తారా అన్నది మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఈ రోజుల్లో ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు చాలామంది. మంచిదే, పొద్దున్నే గోపాలపూర్ తీరాన గంట నడవచ్చు, అమ్మ చేతి వంటలో ఉప్పు తగ్గించే పోరాటానికీ టైము దొరుకుతుంది. పైన బీపీ 10 తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకి పైగా తగ్గుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అంటే ఈ వారాలు సర్టిఫికెట్ కోసమే కాదు.

ఫిట్ అని సర్టిఫికెట్ వచ్చాక

వారానికి రెండు రోజులు కొలిచి రాస్తూ ఉండండి. లేఓవర్‌లో, అంటే డ్యూటీ మధ్య వేరే ఊళ్ళో ఆగినప్పుడు, మాత్ర మరిచిపోయేవాళ్ళు ఎక్కువ, ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఫ్లైట్ బ్యాగులో ఉంచండి. చెక్-ఇన్ పెట్టెలో వేసేస్తే అది వేరే ఊరికి వెళ్ళొచ్చు. టైమ్ జోన్లు మారితే ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టరుతో ముందే తేల్చుకోండి. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయిన రోజు తెల్మిసార్టాన్, నీటి మాత్రల మీద ఉన్నవాళ్ళు డ్యూటీకి వెళ్ళకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. ఆ రోజు బీపీ బాగా పడిపోయి కిడ్నీ దెబ్బతినవచ్చు. మోతాదు మారినా, మందు మారినా మళ్ళీ నాలుగో అడుగే: సెలవు, ఫోన్, ఈమెయిల్, ఆ తర్వాతే రోస్టర్.